ఎత్తిన బానెట్‌ను గాలి విరగ్గొట్టకుండా: జీపు, థార్ ఉన్నవాళ్ల కోసం

ఆషాఢంలో రామగిరి కొండల మీద గాలి ఎలా ఉంటుందో అనంతపురం వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ గాలిని నమ్ముకునే అక్కడ గాలిమరలు బారులు తీరాయి. కొన్నేళ్ల కిందట ఒక ఆషాఢం మధ్యాహ్నం ఆ కొండదారి ఎక్కి ఎక్కి నా పాత మహీంద్రా జీపు వేడెక్కింది. రేడియేటర్ తొందరగా చల్లబడుతుందని బండిని ఎదురుగాలికి నిలిపాను. బానెట్ ఎత్తి రాడ్డు పెట్టాను. నీళ్ల క్యాను తెద్దామని వెనక్కి నాలుగడుగులు వేశానో లేదో, దభీమని చప్పుడు. గాలి బానెట్‌ను లేపి ముందు అద్దం ఫ్రేము మీద కొట్టింది. అది అక్కడ తగిలి ఎగిరి, తిరిగొచ్చి దబ్బున మూతపడింది. అద్దం మూల నుంచి మూలకు చీలింది. ఎడమ పక్క కబ్జా (మడత బందు) వంగింది. రాడ్డు ఊడి ఇంజిన్ మీద పడి ఉంది. ఒక్క నిమిషం ముందు నా రెండు చేతులూ, తలా ఆ బానెట్ కిందే ఉన్నాయి.

మర్నాడు బండి చూసిన మా ఊరి మేస్త్రీ ఒక్క మాటే అన్నాడు: "రాడ్డు బానెట్‌ను ఎత్తిపెట్టేదానికి నాయనా, పట్టిపెట్టేదానికి కాదు."

నేను ఇక్కడ రాసేదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. రాడ్డు కింది నుంచి మోస్తుంది. బానెట్ కింద పడకుండా చూడటమే దాని పని. పైకి లేస్తున్న బానెట్‌ను ఆపే శక్తి దానికి లేదు. బానెట్ రెండు అంగుళాలు పైకి లేస్తే చాలు, రాడ్డు కొస తన బొక్కలోంచి జారిపోతుంది. ఆ తర్వాత బానెట్‌ను పట్టుకునేది వెనకున్న రెండు కబ్జాలే.

గాలి అసలు ఎంత బలంగా తోస్తుంది

జీపు బానెట్‌కు కబ్జాలు వెనక, అద్దం దగ్గర ఉంటాయి. తెరుచుకునేది ముందువైపు. అంటే రాడ్డు మీద నిలిపిన బానెట్ ముందు నుంచి వచ్చే గాలికి నోరు తెరిచిన చేట లాంటిది. చేటలోకి దూరిన గాలికి బయటికి పోయే దారి లేక చేటనే ఎత్తేస్తుంది.

లెక్క వేసి చూద్దాం. గాలి తోపు దాని వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. సుమారు 1.2 చదరపు మీటర్ల బానెట్‌కు గాలి సూటిగా తగిలితే, గంటకు 40 కి.మీ. గాలికి దాదాపు 11 కిలోల బరువుతో తోసినట్టుంటుంది. 60 కి.మీ. గాలికి 24 కిలోలు. 80 కి.మీ.కి 43 కిలోలు. ఇవి ఉజ్జాయింపు అంకెలే, కానీ పెరుగుదల ఎలా ఉందో చూడండి.

ఇప్పుడు బానెట్ బరువు వైపు రండి. ఒక ఇనుప బానెట్ 18 కిలోలు ఉందనుకుందాం. దాన్ని 60 డిగ్రీల దాకా ఎత్తారంటే, కిందికి లాగే ఆ బరువులో సగమే కబ్జాల చుట్టూ పనిచేస్తుంది. బానెట్‌ను ఎంత ఎత్తితే దాని బరువు మనకు అంత తక్కువ సాయం చేస్తుంది, గాలికి అంత ఎక్కువ వెడల్పు దొరుకుతుంది. రెండూ మనకు ఎదురే. ఈ లెక్కన గంటకు 40 కి.మీ. దాటిన గాలి విసురు సూటిగా ముందు నుంచి వస్తే, మామూలు ఇనుప బానెట్ కూడా రాడ్డు మీంచి లేచిపోయే దశకు వచ్చినట్టే. మన దగ్గర వానకు ముందు వచ్చే ఈదురుగాలికి ఆ వేగం ఒక లెక్క కాదు.

అమెరికాలో జీప్ కంపెనీ రాంగ్లర్ నడిపే మన వాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 2018 మోడల్‌గా వచ్చిన జేఎల్ తరం రాంగ్లర్ నుంచి బానెట్ అల్యూమినియంది. బరువు తక్కువ కాబట్టి ఎత్తడం సుఖం. గాలికి కూడా అంతే సుఖం. పైగా అల్యూమినియం రేకు ఒకసారి మడత పడితే దాన్ని ఇనుప రేకులా కొట్టి సరిచేయడం అంత తేలిక కాదు. టెక్సస్ మైదానాల్లోనో, యూటాలోని మోయాబ్ ఎడారి బాటల్లోనో బండి ఆపి బానెట్ ఎత్తేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

మొదటి అడుగు: మీ బానెట్ ఏ రకమో తెలుసుకోండి

దీన్ని ఇంటి దగ్గర, గాలి లేని ఉదయం పూట చూసుకోవాలి. దారిలో చూసుకునేది కాదు.

ఒకటో రకం, రాడ్డు మీద నిలిచేది. బండ్లలో ఎక్కువ ఇవే. రాడ్డు కొస దూరే బొక్క చుట్టూ రబ్బరు గానీ ప్లాస్టిక్ గానీ ఉందా, అరిగిందా చూడండి. రాడ్డు కొస వంపు తిరిగి ఉంటే బొక్కలో కాస్త చిక్కుకుంటుంది. అరిగి నున్నగా అయిపోతే ఇట్టే జారుతుంది.

రెండో రకం, పూర్తిగా వెనక్కి వాలేది. తొలి జీపులు చేసిన విల్లీస్ కంపెనీ వంశం జీపులు, మహీంద్రా పాత జీపులు చాలావాటిలో బానెట్‌ను ఎత్తి అద్దం ఫ్రేముకు ఆనించవచ్చు. ఇంజిన్ పని పెద్దదైతే మేస్త్రీలందరూ చేసేది అదే. కొత్త బండ్లలో దీన్ని గుడ్డిగా చేయకండి. బానెట్‌కు అంటి అద్దం కడిగే నీళ్ల పైపులు, నాజిళ్లు, కింద వేడి ఆపే పరుపు ఉంటాయి. వెనక్కి వాలిస్తే పైపు తెగుతుంది, నాజిల్ నలుగుతుంది, బానెట్ వెనక అంచు అద్దం కింది ప్లాస్టిక్‌ను పగలగొడుతుంది. మీ బండి పుస్తకంలో వాల్చవచ్చని రాసి ఉంటేనే వాల్చండి.

మూడో రకం, గ్యాస్ స్ట్రట్లు ఉన్నది. అంటే రాడ్డుకు బదులు, వాయువు నింపిన సాగే గొట్టాలు బానెట్‌ను పైకి తోసి నిలుపుతాయి. కంపెనీ ఇచ్చినవి కావచ్చు, మీరు తర్వాత వేయించుకున్నవి కావచ్చు. వాటి సంగతి కింద వేరేగా చెప్తాను.

రెండో అడుగు: ఎత్తే ముందు గాలిని చూడండి

గాలి వేగం కొలిచే పరికరం అక్కర్లేదు. 1805లో బోఫర్ట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి గాలికి ఒక కొలమానం తయారుచేశాడు. చెట్లూ కొమ్మలూ ఎలా కదులుతున్నాయో చూసి వేగం చెప్పే గుర్తులు దానికి తర్వాత చేరాయి. మనకు పనికొచ్చేవి మూడే.

దుమ్ము, కాగితాలు లేస్తూ చిన్న కొమ్మలు ఊగుతుంటే గాలి 20 నుంచి 28 కి.మీ. మధ్య ఉంది. బండి దిశ చూసుకుని బానెట్ ఎత్తవచ్చు. ఆకులున్న చిన్న చెట్లు మొత్తంగా ఊగడం మొదలైతే 29 నుంచి 38. పట్టీ కట్టకుండా ఎత్తకూడదు. పెద్ద కొమ్మలు ఊగుతూ, కరెంటు తీగలు ఈల వేస్తుంటే, గొడుగు పట్టుకోవడం కష్టమైతే 39 నుంచి 49. అప్పుడు బానెట్ జోలికి పోవద్దు. బండిని గోడ చాటుకో, లారీ చాటుకో, గుట్ట చాటుకో తీసుకుపోండి.

ఇవి నిలకడగా వీచే గాలికి చెప్పిన గుర్తులు. బానెట్‌ను విరిచేది మాత్రం విసురు. నిలకడ గాలి 25 ఉన్నా మధ్యలో వచ్చే విసురు 40 దాటొచ్చు. అందుకే బండి దిగి ఒక రెండు నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. ఆ రెండు నిమిషాల్లో వచ్చిన అన్నిటికంటే పెద్ద విసురును బట్టి నిర్ణయం తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో పడమటి దిక్కున మబ్బు నల్లగా కమ్మి, ఒక్కసారిగా చల్లగాలి తగిలిందంటే దాని వెనకే ఈదురుగాలి వస్తోందని అర్థం. ఎత్తి ఉన్న బానెట్‌ను వెంటనే దించేయండి. పని సగంలో ఉన్నా సరే.

మూడో అడుగు: బండిని ఎటు తిప్పి నిలపాలి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నేనూ ఇక్కడే తప్పు చేశాను.

రాడ్డు మీద నిలిచే బానెట్ అయితే బండి వీపు గాలి వైపు ఉండాలి. వెనక నుంచి వచ్చే గాలిని బండి టాపూ, అద్దమూ చాలావరకు ఆపుతాయి. మిగిలింది తగిలినా బానెట్‌ను కిందికే నొక్కుతుంది, ఆ బరువును రాడ్డు మోస్తుంది. అది దాని పనే కదా. పక్క నుంచి వచ్చే గాలి దీనికంటే చెడ్డది. బానెట్‌ను మెలితిప్పుతుంది, రాడ్డు ఒక్క పక్కనే ఉంటుంది కాబట్టి రెండో మూల కొట్టుకుంటుంది.

బండి వేడెక్కినప్పుడు మాత్రం మనకు ఎదురుగాలి కావాలనిపిస్తుంది. ఆ కోరిక సబబే, కానీ దానికి బానెట్ ఎత్తాల్సిన పని లేదు. బానెట్ మూసే ఉంచి ఎదురుగాలికి నిలిపితే గాలి ముందు జాలీలోంచి నేరుగా రేడియేటర్‌లోకి దూరుతుంది. ఇరవై నిమిషాలు, అరగంట అలా వదిలేయండి. ఎలాగూ రేడియేటర్ మూత వేడి మీద తీయకూడదు. చల్లబడ్డాక బండిని తిప్పి, వీపు గాలికి పెట్టి, అప్పుడు ఎత్తండి. తిప్పే చోటు లేకపోతే కనీసం పట్టీలు కట్టేదాకా ఎత్తిన అంచును చేత్తో వదలకండి.

పూర్తిగా వెనక్కి వాలే బానెట్‌కు లెక్క తిరగబడుతుంది. అది అద్దం ఫ్రేముకు ఆని నిలువుకు కొంచెం అవతలికి ఒరిగి ఉంటుంది. ముందు గాలి దాన్ని ఇంకా ఫ్రేముకే అదుముతుంది. వెనక గాలి దాన్ని ముందుకు తోసి మీ మెడ మీద పడేయగలదు. టాపు వేసి ఉంటే కొంత చాటు దొరుకుతుంది. టాపు విప్పి తిరిగే వాళ్లకు ఆ చాటు కూడా లేదు. అందుకని వాల్చిన బానెట్‌తో పని చేసేటప్పుడు బండి ముఖం గాలికి ఉండటం మేలు. కానీ ఎత్తేటప్పుడు అదే ఎదురుగాలి బానెట్‌ను మీ చేతిలోంచి లాక్కుని ఫ్రేముకేసి కొడుతుంది. కాబట్టి గాలి రోజున బానెట్ వాల్చాలంటే ఇద్దరు మనుషులు ఉండాలి. ఒకరు ముందు అంచు పట్టుకుని ఎత్తాలి, రెండోవారు పక్కన నిలబడి వెనక్కి పోయే వేగాన్ని ఆపాలి. ఒంటరిగా ఉన్న రోజు ఈ పని పెట్టుకోవద్దు.

నాలుగో అడుగు: పట్టీలు

మీరు ఇందులో ఒక్కటే చేస్తారంటే ఇది చేయండి. రాడ్డు కింది నుంచి తోస్తుంటే పట్టీ పై నుంచి కిందికి లాగాలి. రెండూ బిగుతుగా ఉంటే బానెట్ ఎటూ కదలదు.

కావలసినవి రెండు పట్టీలు. ఒక అంగుళం వెడల్పు పాలిస్టర్ పట్టీ, నొక్కి వదిలే బకిల్ ఉన్నది, సామాను కట్టుకోవడానికి అమ్ముతారు. పొడవు ఒక్కొక్కటి రెండు మీటర్లు ఉంటే సరిపోతుంది. పళ్లచక్రం తిప్పి బిగించే రాచెట్ పట్టీ వద్దంటాను. లారీ లోడుకు అది మంచిదే. బానెట్ రేకుకు దాని బలం ఎక్కువ, రెండు పళ్లు అదనంగా తిప్పితే రేకు వంగుతుంది. నైలాన్ పాలిస్టర్ కంటే ఎక్కువ సాగుతుంది, తడిస్తే ఇంకొంచెం సాగుతుంది. అంగట్లో దొరికే నీలం ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసెక్కి, పట్టుకుంటే పొట్టు రాలుతుంది. రెండు ఎండాకాలాలు బండిలో పడి ఉన్న తాడును నమ్మకండి. మంచానికి వేసే నవారు ఉంటే అది అన్నిటికంటే మెత్తన, పెయింటు గీరుకోదు. గట్టి నవారును రెండు పొరలుగా కుట్టించుకుని నేను ఒక ఏడాది వాడాను. బకిల్ లేదు కాబట్టి ముడి బిగించడం రావాలి, అంతే.

సైకిల్ వెనక కట్టే కొక్కేల రబ్బరు తాళ్లు మాత్రం దీనికి వాడొద్దు. ట్యూబు రబ్బరు పేలికలూ వద్దు. రబ్బరు సాగుతుంది. సాగితే బానెట్ లేస్తుంది, లేస్తే రాడ్డు ఊడుతుంది. ఇక ఆ కొక్కెం విడిపోయి ముఖం మీదికి ఎగిరితే కన్నే పోతుంది.

ఎక్కడ కట్టాలి? బానెట్ ముందు అంచు కింద, లాకులో దిగే ఇనుప కొక్కెం ఉంటుంది. అది బానెట్‌లో అన్నిటికంటే గట్టి చోటు. పాత జీపుల్లో బానెట్ ముందు పక్కల రెండు లాకులుంటాయి, వాటి బ్రాకెట్లు కూడా గట్టివే. కింద కట్టే చోటు బంపర్ దగ్గరున్న లాగుడు కొక్కేలు. కుడి పట్టీ కుడి కొక్కేనికి, ఎడమది ఎడమకు. ఇలా కాళ్లు చాపినట్టు రెండు పక్కలకు కడితే బానెట్ లేవదు, పక్కలకూ ఊగదు. మీరు మధ్యలో వంగి పని చేసుకోవచ్చు. ముందు జాలీకి, హెడ్‌లైట్ చట్రానికి, రేడియేటర్‌కు ఎప్పుడూ కట్టకండి.

కట్టే వరస ఇది. బానెట్ ఎత్తక ముందే పట్టీల కింది కొసలు కొక్కేలకు తగిలించండి. బానెట్ ఎత్తి రాడ్డు పెట్టండి. ముందు అంచును ఒక చేత్తో పట్టుకునే ఉండి, గాలి ఎటు నుంచి వస్తోందో ఆ పక్క పట్టీ మొదట తగిలించండి. తర్వాత రెండోది. ఇప్పుడు రెండూ లాగి బిగించండి. ఎంత బిగువు? పట్టీని వేలితో మీటితే వదులుగా ఊగకూడదు, బానెట్ అంచు కిందికి వంగకూడదు. ఆ తర్వాత బానెట్ అంచును చేత్తో పైకి ఎత్తి చూడండి. రాడ్డు కొస తన బొక్కలో కొంచెం కూడా కదలకూడదు.

వదులు గురించి ఇంకో మాట. పై లెక్క ప్రకారం 80 కి.మీ. విసురుకైనా బానెట్ ముందు అంచున రెండు పట్టీలకు కలిపి పడే భారం పాతిక కిలోల లోపే. ఒక అంగుళం పట్టీకి అది లెక్కలోకి రాదు. కానీ పట్టీలో నాలుగు అంగుళాల వదులు ఉంటే బానెట్ ఆ నాలుగు అంగుళాలు వేగంగా లేచి ఒక్క కుదుపుతో ఆగుతుంది. ఆ కుదుపు దెబ్బ పాతిక కిలోలతో పోదు. పట్టీ తెగకపోయినా కొక్కెం వంగుతుంది, కబ్జా బోల్టు దగ్గర రేకు పగులుతుంది.

మిగిలిన పట్టీ కొసలను చుట్టి ముడేయండి. వేలాడుతున్న కొస ఫ్యానులోనో బెల్టులోనో పడితే గాలి చేసే నష్టం కంటే పెద్ద నష్టం జరుగుతుంది. ఎలక్ట్రిక్ ఫ్యాను ఉన్న బండ్లలో ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాను దానంతటదే తిరగవచ్చు. చేతులైనా, పట్టీ కొసలైనా, మెడలో తువ్వాలైనా దాని దరిదాపుల్లో ఉండకూడదు.

వెనక్కి వాల్చిన బానెట్‌ను కట్టడం

ముందు మెత్త. పాత లారీ ట్యూబును రెండు జానల ముక్కలుగా కోసి మడతపెట్టి అద్దం ఫ్రేము మీద, బానెట్ ఆనే రెండు చోట్ల కట్టండి. బానెట్ బరువు ఫ్రేము ఇనుము మీద పడాలి, అద్దం మీద కాదు. వైపర్లు మధ్యలో నలుగుతాయేమో చూసుకోండి. నలిగేలా ఉంటే వైపర్ చేతులు ఊడదీసి పక్కన పెట్టడం ఐదు నిమిషాల పని.

అద్దాన్ని బానెట్ మీదికి మడిచే వీలున్న జీపుల్లో, మడిచినప్పుడు కట్టడానికి ఇనుప లూపులు ఉంటాయి. ఆ లూపులను ఇక్కడ వాడుకోవచ్చు. లేదంటే బానెట్ ముందు కొక్కెం నుంచి పట్టీని టాపు మీదుగా తీసుకెళ్లి లోపలి రోల్‌బార్‌కు (సీట్ల మీదుగా ఉండే ఇనుప చట్రం) కట్టండి. గుడ్డ టాపు ఉంటే దాన్ని ముందు కొంచెం విప్పాల్సి వస్తుంది. వైపర్ చేతికి, అద్దం పక్కనుండే వెనకచూపు అద్దం కాడకు కట్టినవాళ్లను చూశాను. ఆ రెండూ ఒక్క విసురుకు ఊడొస్తాయి.

గ్యాస్ స్ట్రట్ల సంగతి

స్ట్రట్లు వేయించుకుంటే గాలి బెంగ తీరిపోతుందని చాలామంది అనుకుంటారు. సగమే నిజం. స్ట్రట్ కూడా పైకి తోసేదే. అది పూర్తిగా సాగాక ఇక సాగదు కాబట్టి అక్కడ బానెట్‌ను కొంత పట్టి ఆపుతుంది. రాడ్డులా జారిపోదు, ఆ మేరకు నయం. కానీ దాని కొసలు చిన్న గుండు మీద క్లిప్పుతో పట్టి ఉంటాయి. గట్టి విసురు లాగితే ఆ క్లిప్పు ఊడుతుంది. అందుకే గాలి ఊళ్లలో స్ట్రట్లు ఉన్నా పట్టీ కట్టమనే అంటాను.

కొనేటప్పుడు బలం ఎక్కువ ఉన్నది మంచిదనుకోకండి. బానెట్ మూసి ఉన్నంతసేపూ స్ట్రట్ దాన్ని పైకి తోస్తూనే ఉంటుంది. మరీ బలమైనదైతే కొన్ని నెలలకు బానెట్ వెనక మూలలు ఉబ్బుతాయి. లోపలి వాయువు వేడికి బిగుస్తుంది, చలికి సడలుతుంది. 10 డిగ్రీల చలికీ 45 డిగ్రీల ఎండకూ మధ్య దాని ఒత్తిడిలో 12 శాతం దాకా తేడా వస్తుంది. అరకు చలి తెల్లవారుజామున సగంలోనే ఆగే స్ట్రట్, అనంతపురం మే నెల ఎండలో బానెట్‌ను విసురుగా లేపేస్తుంది. మీ బండి మోడల్‌కు చేసిన జతనే తీసుకోండి, ఎప్పుడూ జతగానే మార్చండి.

హైవే పక్కన ఆగినప్పుడు

ఇక్కడ గాలి ఆకాశం నుంచి కాదు, లారీల నుంచి వస్తుంది. వేగంగా పోయే లారీ ముందు గాలిని నెడుతుంది, దాటిపోయాక తన వెంట లాగుతుంది. బానెట్‌కు ఒక్క క్షణంలో ఒక తోపు, ఒక లాగు రెండూ తగులుతాయి. నాలుగు వరసల హైవేలో లారీలు మన వెనక నుంచే వస్తాయి కాబట్టి కొంత నయం. రెండు వరసల రోడ్డు మీద ఎదురుగా వచ్చే బస్సు గాలి నేరుగా ఎత్తిన బానెట్ నోట్లో పడుతుంది.

రోడ్డు అంచుకు ఎంత దూరం జరపగలిగితే అంత జరపండి. పెట్రోలు బంకు, దాబా కనుచూపు మేరలో ఉంటే, బండి నడిచే స్థితిలో ఉంటే, అక్కడి దాకా పోయి ఎత్తడమే ఉత్తమం. మరీ రోడ్డు పక్కనే ఎత్తాల్సి వస్తే ప్రమాద దీపాలు వేసి, వెనక త్రికోణం పెట్టి, పట్టీలు కట్టి, ఎంత తక్కువ సేపు వీలైతే అంతే సేపు ఎత్తండి. పని చేసేటప్పుడు బండికి రోడ్డు వైపు కాకుండా రెండో పక్క నిలబడండి.

మూసేటప్పుడు, కదిలేటప్పుడు

విప్పే వరస కట్టిన వరసకు తిరగేసి ఉంటుంది. ఒక చేయి బానెట్ అంచు మీద ఉండగా గాలి లేని పక్క పట్టీ మొదట, గాలి పక్కది చివర. రాడ్డు తీసి దాని క్లిప్పులో పెట్టండి. తర్వాతే దించండి. పాత జీపు బానెట్‌ను ఎత్తు నుంచి వదిలేసి మూసే అలవాటు మానండి. కబ్జాలు అరిగేది గాలి వల్ల కంటే దీనివల్లే ఎక్కువ.

మూశాక ముందు అంచు కింద వేళ్లు పెట్టి పైకి లాగి చూడాలి. రెండు పక్కలా. పక్క లాకులున్న పాత జీపుల్లో ఆ లాకులే దిక్కు. స్ప్రింగు సడలితే గతుకుల దారిలో ఒక లాకు ఊడిపోతుంది, రెండోది ఒక్కటే మొత్తం భారం మోస్తుంది. గుట్టల దారి దిగి తారు రోడ్డు ఎక్కగానే ఒకసారి ఆగి లాకులు చూసుకోవడం నా అలవాటు. గతుకుల్లో 20 కి.మీ. వేగంతో వచ్చినప్పుడు తెలియని వదులు, తారు రోడ్డు మీద 80కి పోగానే బయటపడుతుంది.

నడుస్తుండగానే బానెట్ లేచి అద్దానికి కొట్టుకుంటే ఏమీ కనబడదు. బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగ్ తిప్పకండి. యాక్సిలరేటర్ వదిలి, ప్రమాద దీపాలు వేసి, తల కిందికి వంచి చూడండి. బానెట్ కింది అంచుకూ డ్యాష్‌బోర్డుకూ మధ్య సన్నని సందు కొన్ని బండ్లలో కనిపిస్తుంది. లేకపోతే పక్క కిటికీలోంచి రోడ్డు అంచు చూసుకుంటూ మెల్లగా ఎడమకు జరగండి.

దెబ్బ తగిలాక ఏమేం చూడాలి

బానెట్ ఒకసారి వెనక్కి కొట్టుకుంటే, పైకి ఏమీ కనబడకపోయినా బండిని వెంటనే హైవే ఎక్కించకండి. మొదట మూసి, ముందు నుంచి చూడండి. రెండు పక్కలా బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సందు సమానంగా ఉందా? రెండు చిటికెన వేళ్లు పెట్టి పోల్చినా తెలిసిపోతుంది. వెనక మూలల దగ్గర బానెట్ పైకి లేచి ఉంటే కబ్జా వంగింది. కబ్జా బోల్టుల చుట్టూ పెయింటు వెంట్రుక మందాన చిట్లి ఉంటే లోపల రేకు లాగబడింది. బోల్టులు బిగించి సరిపెట్టకండి, కబ్జా తీసి చూడాల్సిందే. వంగిన కబ్జాను సుత్తితో కొట్టి సరిచేస్తే తర్వాతి విసురుకు అక్కడే విరుగుతుంది. కొత్తది వేయించండి.

తర్వాత లాకు. బానెట్ మెలి తిరిగి ఉంటే కొక్కెం లాకు మధ్యలో కాకుండా పక్కకు దిగుతుంది. లాకు పడిన చప్పుడు వస్తుంది కానీ పూర్తిగా పడదు. కొక్కెం కొసకు కొంచెం గ్రీజు రాసి మూసి తెరిస్తే గుర్తు ఎక్కడ పడిందో కనబడుతుంది. గుర్తు పక్కకు పడితే టింకరింగ్ అయ్యేదాకా బానెట్‌ను పట్టీతో అదనంగా కట్టి, మెల్లగా నడపండి.

అద్దం అంచున నెర్ర ఉంటే అది పెరుగుతుంది. ఎండలో ఏసీ వేసినప్పుడు ఇంకా తొందరగా పెరుగుతుంది. మధ్యలో చిన్న చిప్పు ఐతే రెజిన్‌తో నింపవచ్చు, అంచు నుంచి మొదలైన చీలికకు ఆ వైద్యం పనిచేయదు. ఏదీ కదిలించక ముందే ఫొటోలు తీసుకోండి: బండి నిలిచిన దిశ, బానెట్, కబ్జాలు, అద్దం. మన దేశంలో పూర్తి బీమా ఉంటే తుఫాను, గాలివాన వల్ల జరిగిన నష్టం దాని కిందికి వస్తుంది. అద్దానికి వాడుక తరుగు (డిప్రిసియేషన్) కోయరు, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం కోస్తారు. అరిగిపోవడం వల్ల పోయినదానికి బీమా ఇవ్వరు. కబ్జాలు ముందే తుప్పుపట్టి ఉంటే ఆ ప్రశ్న తప్పక వస్తుంది, కాబట్టి ఏడాదికి రెండుసార్లు వాటికి గ్రీజు పెట్టించినప్పుడు ఒక ఫొటో తీసి ఉంచుకోండి. నేను ఒకసారి ఉగాదికి, ఒకసారి ఆషాఢం మొదలయ్యే ముందు పెట్టిస్తాను. పట్టీలు కూడా ఆ రోజే తీసి చూస్తాను, కుట్టు దగ్గర పోగు లేచి ఉంటే అక్కడికక్కడే మార్చేస్తాను.